జడలు కడిగిన నీళ్ళు

మా ఊరి బోరు నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ కట్టదు. బకెట్ అంచు చుట్టూ తెల్లగా సున్నం పేరుకుని గోకినా రాదు. బళ్ళో దానికి కఠిన జలం అని పేరు చెప్పి మార్కులు వేశారు గానీ ఆ నీళ్ళతో ఎలా బతకాలో ఎవరూ చెప్పలేదు. వాటితోనే పెరిగాను కాబట్టి నాకు వాటి మీద పెద్దగా కోపం ఉండేది కాదు. ఈ వానాకాలం నెత్తి నిండా కొత్త జడలతో ఊళ్ళో దిగాక మొదలైంది అసలు కోపం.

జడలంటే మూడు పాయలు వేసి రబ్బరు పెట్టుకునేవి కావు. వెంట్రుకలను చిన్న చిన్న పాయలుగా తీసి, కొక్కెం సూదితో లోపలికి గుచ్చి గుచ్చి తాళ్ళలా బిగిస్తారు. డ్రెడ్‌లాక్స్ అంటారు. నేను కరీంనగర్‌లో జానపద పాటల వీడియోల్లో డాన్స్ చేస్తాను. మా టీమ్‌కు మేకప్ చేసే యుమ్నాకు సొంత పార్లర్ ఉంది. తనే నన్ను కూర్చోబెట్టి, నడుము పడిపోయేదాకా నిలబడి, ఈ జడలు కట్టింది. ఎందుకు కట్టించుకున్నావంటే నా దగ్గర పెద్ద జవాబేం లేదు. అద్దంలో చూసుకుంటే నాకు నేను నచ్చాను. నా నెత్తి, నా ఇష్టం.

ఊరికి బయలుదేరేటప్పుడు యుమ్నా వేలు చూపించి మరీ చెప్పింది.

"సునో ప్రవళీ, కొత్త జడలంటే పసిపిల్ల లెక్క. జర పైలంగ చూసుకోవాలె. నూనె నక్కో, వద్దు. ఈడ మానేరు నీళ్ళు, ఫికర్ లేదు. మీ ఊరి బోరు నీళ్ళు మాత్రం అస్సలు నక్కో. షాంపూ, గా నీళ్ళు కలిసినయంటే సున్నం పోయి జడ లోపల కూసుంటది. మల్ల నేను గూడ తియ్యలేను. కడిగితే రుద్దకు, పిండు. తడి ఉంచకు, ముక్క వాసనొస్తది."

నేను తలూపి బస్సెక్కాను. మా ఊరు చొప్పదండి దాటి లోపలికి పోవాలి. నాట్లకు కూలీలు దొరకడం లేదని అవ్వ రమ్మంది, మా దిక్కు అమ్మను అవ్వ అనే పిలుస్తాం. బాపు నా చిన్నప్పుడే పోయాడు, ఉన్న రెండెకరాలూ అవ్వే చేసుకుంటుంది. నన్ను చూసి చేతిలో ఉన్న చాట కింద పెట్టింది.

"ఏం పుట్టిందే నీకు, ముదనష్టపుదానా? నలుగురిల నా మొహం యాడ వెట్టుకోవాలె?"

ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. పప్పు మాత్రం నాకిష్టమని మామిడికాయ వేసి చేసింది.

మరునాడు పొలంలో వంగి నాటు వేస్తుంటే నెత్తికి కట్టుకున్న తువ్వాల ఊడి బురదలో పడింది. జడలు మొహం మీదికి జారాయి. పక్క మునుం వరసలో ఉన్న రాజవ్వ పెద్దమ్మ నడుం ఎత్తి చూసింది. రాజవ్వ మా వాడకట్టే, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. నోట్లో నువ్వుగింజ నానదు.

"గదేందే బాలలక్ష్మీ, నీ బిడ్డ నెత్తి?"

నేను నోరు తెరిచేలోపల అవ్వ అనేసింది.

"ఏం జెప్పాలె అక్కా. తల్లి కట్టింది."

నాటు వేసే చేతులన్నీ ఆగిపోయాయి. మా దిక్కు ఆడమనిషి వెంట్రుకలు వాటంతటవే జడలు కడితే ఎల్లమ్మ తల్లి కన్ను పడిందంటారు. ఇక ఆ నెత్తికి దువ్వెన తగలకూడదు, కత్తెర తగలకూడదు. పసుపు రాస్తారు, మొక్కుతారు. ఆమె మెల్లగా శివసత్తి అవుతుంది. జాతరల్లో ఊగాలి, అడిగిన వాళ్ళకు జవాబు చెప్పాలి. ఊరంతా ఆమెదే, ఆమెకంటూ ఒక ఇల్లు మాత్రం ఉండదు. రాజవ్వ నారు కట్ట వదిలేసి బురద చేతులతోనే నాకు మొక్కింది. వెనుక ఉన్న వాళ్ళూ మొక్కారు.

ఇంటికొచ్చాక అవ్వ మీద ఇంతెత్తున లేచాను.

"గట్లెందుకు చెప్పినవే?"

"ఫ్యాషనంటే నవ్వుతరు. తల్లంటే మొక్కుతరు. నాట్లు అయినంక నువ్వు పోతవ్. ఈడ ఉండేది నేను గద."

నాట్లు అయ్యేదాకే కదా అనుకున్నాను.

బురద పడ్డ జడలు కడగక తప్పదు. రోడ్డు పనుల్లో పైపు పగిలి ఊరికి బయటి నుంచి వచ్చే నల్లా నీళ్ళు ఆగిపోయాయి. వాన నీళ్ళు పట్టుకుందామంటే మబ్బులు వచ్చినట్టే వచ్చి గోదావరి దిక్కు పోతున్నాయి. చివరికి చొప్పదండి నుంచి ఫిల్టర్ నీళ్ళ క్యాన్లు తెప్పించాను. నీళ్ళు గోరువెచ్చగా చేసి, పెద్ద బేసిన్‌లో చిటికెడు తినే సోడా, కాసింత షాంపూ కలిపి జడలు నానబెట్టాను. ఒక్కొక్క జడనూ స్పాంజిని పిండినట్టు పిండాను. ఆఖరున నిమ్మకాయ పిండిన నీళ్ళతో తడిపి, మిద్దె మీద ఎండలో కూర్చుని, ఆరేదాకా ఒక్కొక్కటీ అరచేతుల మధ్య నలిపి గుండ్రంగా చుట్టుకున్నాను. బేసిన్‌లో మిగిలినవి బూడిద రంగు నీళ్ళు. మోరీ కాలువలో పారబొయ్యమని అవ్వకు చెప్పాను.

అంత కష్టపడి ఆరబెట్టుకున్న జడల మీద ఆ సాయంత్రమే ఎవరో వెనుక నుంచి వచ్చి చెంబెడు పసుపు నీళ్ళు పోశారు. బోరు నీళ్ళే. తిరిగి చూస్తే ఒక ముసలామె కళ్ళు మూసుకుని దండం పెడుతోంది. మళ్ళీ క్యాన్ తెప్పించాను, మళ్ళీ కడిగాను. అయినా జడల మొదళ్ళలో దురద తగ్గలేదు, గీరితే గోళ్ళకు తెల్లటి పొడి వచ్చేది. గుమ్మంలో కొబ్బరికాయలు పెట్టి పోయే వాళ్ళు మాత్రం పెరిగారు.

నాట్లు అయిపోవస్తుండగా రాజవ్వ కోడలు నర్మద వదిన పొలానికి రావడం మానేసింది. ఆమె పెనిమిటి వెంకటేశ్ దోహాలో పని చేస్తాడు. వాళ్ళ పాప సహస్రకు జ్వరమని చెప్పుకున్నారు. ఒక పొద్దున చూసి వద్దామని పోయాను.

పాప మంచం మీద వేపాకుల మధ్య పడుకుని ఉంది. చేతుల మీద, పొట్ట మీద ఎర్రటి చుక్కలు. నన్ను చూడగానే రాజవ్వ మొహం విప్పారింది.

"నువ్వే వచ్చినవా తల్లీ! రాత్రే జ్వరం దిగింది. అంత నీ తీర్థం మహిమనే."

"ఏం తీర్థం పెద్దమ్మా?"

గూట్లో కూల్‌డ్రింక్ సీసా ఉంది. దాని నిండా బూడిద రంగు నీళ్ళు, అడుగున నిమ్మ గింజ. మూత తీసి వాసన చూశాను. నా షాంపూ వాసన. మోరీలో పారబొయ్యమన్న నీళ్ళు!

"మీ అవ్వ కాళ్ళ మీద వడి అడుక్కచ్చుకున్న," అంది రాజవ్వ. "పూటకింత తాపుతున్న."

నేను పాప చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. అరికాళ్ళు ఇంకా చల్లగా ఉన్నాయి. పిలిస్తే కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసేసింది. పెదవి పక్కన, చిగుళ్ళ నుంచి కారి ఎండిన రక్తపు మరక ఉంది. నర్మద వదిన నా చెవి దగ్గరకు వచ్చింది.

"ఆర్‌ఎంపీ డాక్టర్ అప్పుడే కరీంనగర్ తీస్కపొమ్మన్నడు. గీ చుక్కలు చూసి అమ్మవారు వోసిందని అత్త ఒప్పుకుంటలేదు. తల్లి వోసినంక సూది పొడిపిస్తే పిల్ల దక్కదంటది. ఆయనకు ఫోన్ చేసిన. వాళ్ళవ్వ చెప్పినట్టు ఇనుమన్నడు."

నాకు తోచింది ఒకటే. యుమ్నాకు వీడియో కాల్ చేసి పాపను చూపించాను. యుమ్నా నవ్వు మొహం పాలిపోయింది.

"యా అల్లా! మా పిల్లగాడు అవేజ్‌కు గిట్లనే అయింది. జ్వరం దిగిందని మేం ఖుష్ అయినం, గప్పుడే పానం మీదికొచ్చింది. డెంగీ ఉంటది గది. ఇప్పటికిప్పుడు తీస్కరా ప్రవళీ. ఒక్క పూట ఆగినా పిల్ల ఉండదు."

నేను రాజవ్వ ముందు కూర్చుని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను.

"పెద్దమ్మా, ఇవి తల్లి కట్టినయి గావు. గీ యుమ్నా కట్టింది. పైసలిచ్చి కట్టించుకున్న. నువ్వు తాపింది నా నెత్తి కడిగిన మురికి నీళ్ళు."

యుమ్నా అక్కడి నుంచి కొక్కెం సూది తీసి చూపించింది. రాజవ్వ ఫోన్ వైపు తేరిపార చూసింది. తర్వాత యుమ్నాకు కూడా దండం పెట్టింది.

"తురకామె చేతుల మీదికెల్లి కట్టిందా తల్లి? మనం పీర్లకు మొక్కుతలేమా? తల్లికి కులమేంది, మతమేంది."

ఎంత మంచి మాట! ఇంకే రోజైనా అని ఉంటే ఆ నోట్లో చక్కెర పోసేదాన్ని. ఆ క్షణాన నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

ఇంటికి ఉరికి అవ్వను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. దారిలోనే అంతా చెప్పాను. పాపను చూడగానే అవ్వ రాజవ్వ వైపు తిరిగింది. నేను అడగకముందే గట్టిగా అంది.

"అక్కా, నేనే అబద్ధమాడిన. సిగ్గయి గట్ల జెప్పిన. నా బిడ్డకు ఏ తల్లి రాలే. పిల్లను దవఖానకు తీస్కపో, నీ కాళ్ళు మొక్కుత."

ఊళ్ళో పరువు కోసం పుట్టించిన అబద్ధాన్ని అవ్వ నలుగురి ముందే విప్పేసింది. ఇంతకంటే ఎవరేం చెయ్యగలరు? రాజవ్వ మాత్రం అవ్వ వీపు నిమిరింది.

"ఏడ్వకు బాలలక్ష్మీ. బిడ్డను తల్లికి ఇచ్చుడంటే ఏ కన్నదానికి మనసొప్పుతది? గందుకే కాదంటున్నవ్. నాకెరుక."

నర్మద వదిన ఇక ఆగలేక పాపను ఎత్తుకోబోయింది. రాజవ్వ పోయి గడపకు అడ్డంగా కూర్చుంది.

"నన్ను తొక్కి పో. పిల్లకేమన్న అయితే నా కొడుకుకు నువ్వే జవాబు చెప్పుకో."

వదిన పాప పక్కనే కూలబడింది. వాకిట్లో పది మంది చేరారు. వాళ్ళలో ఒక్కరూ రాజవ్వను లెమ్మనలేదు. పాప ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. చూస్తుండగానే ఒక పిల్ల చచ్చిపోతుంది, దానికి నా జడలే కారణమవుతాయి.

పోయినేడు బోనాల పాట ఒకటి చేశాం. అందులో నేను శివసత్తిని. ఊగడం, జుట్టు విసరడం, గొంతు మార్చి అరవడం, అన్నీ నెల రోజులు నేర్చుకుని చేశాను. మంచం మీది వేపమండ వైపు నా చెయ్యి పోవడం అవ్వ చూసింది. నా ఆలోచన ఆమెకు అర్థమైంది. మణికట్టు గట్టిగా పట్టుకుని గుసగుసగా అంది.

"వద్దు బిడ్డా. ఒక్కసారి ఊగినవంటే ఇగ దిగనియ్యరు. నీకు ఇల్లుండది, మనువుండది. అందరికి తల్లివయితవ్. నాకు బిడ్డవు గాకుండ వోతవ్."

"మరి గా పిల్ల అవ్వా?"

అవ్వ పాప వైపు చూసింది. నా చెయ్యి తనే వదిలేసింది.

తువ్వాల విప్పి పారేశాను. జడలు ఒక్కసారిగా జారాయి. వేపమండ అందుకుని మనసులో ఒకటి రెండు మూడు నాలుగు అని లెక్క పెట్టుకుంటూ, పాటలో చేసినట్టే, నడుము నుంచి మొదలుపెట్టి తల దాకా ఊగాను. పొట్టలోంచి తెచ్చి ఒక కేక వేశాను. వాకిట్లో వాళ్ళంతా చెప్పులు విడిచారు.

"ఒసే రాజవ్వా! నా బిడ్డనే గది! నా బిడ్డను మంచంల వండవెట్టి సూత్తున్నవా?"

రాజవ్వ గడప మీద నుంచి జారి నా కాళ్ళ మీద పడింది.

"తప్పయింది తల్లీ, ఏం జెయ్యమంటవో జెప్పు."

"లే! పిల్లను నువ్వే ఎత్తుకో! కరీంనగర్ దవఖానకు ఉరుకు! సూదిల నేనే ఉన్న, సీసల నేనే ఉన్న! అడ్డమొచ్చినోన్ని బొంద వెడత!"

సూది, సీసా మాటలు పాటలో లేవు. అప్పటికప్పుడు ఎలా తోచాయో నాకే తెలియదు. రోజంతా వంగి నాటేసి, ఇంట్లో గోడ పట్టుకుంటే గానీ లేవలేని రాజవ్వ లేచి, పాపను భుజాన వేసుకుని వీధిలోకి ఉరికింది. మా ఊరి అంతయ్య ఆటో అక్కడే ఉంది. వదిన పాపను ఒళ్ళో వేసుకుని ఎక్కింది, నేనూ ఎక్కాను. దారంతా రాజవ్వ నా మోకాళ్ళు పట్టుకునే కూర్చుంది. ఆటో కుదుపులకు నా చేతిలో వేపమండ ఆకులు రాలుతున్నాయి. పారేద్దామంటే రాజవ్వ చూస్తోంది.

దవఖాన గేటు దగ్గర యుమ్నా నిలబడి ఉంది. ముందే లోపల మాట్లాడి పెట్టింది. పాపను చూసిన డాక్టరమ్మ మమ్మల్ని బయటకు నెట్టి పరదా లాగింది. తర్వాత బయటకు వచ్చి, ఇంకాసేపయితే చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు అని మాత్రం చెప్పింది. రాజవ్వ సెలైన్ సీసా కనిపించిన ప్రతిసారీ దానికి దండం పెట్టింది. ఎవరూ నవ్వలేదు.

మూడో రోజుకు సహస్ర కళ్ళు తెరిచి బిస్కెట్ అడిగింది. వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా జన్మలో అంత సంతోషం ఎరగను. యుమ్నా నా జడలను వేళ్ళతో విడదీసి చూసి, "సున్నం, పసుపు, వేపాకు, అన్నీ వట్టినయ్. పరేషాన్ గాకు, మెల్లగ తీద్దాం," అంది. ఇక ఈ గొడవ అయిపోయినట్టే అనుకున్నాను.

బట్టలు తెచ్చుకోవడానికి ఊరికి పోతే బస్టాప్ దగ్గరే డప్పులు. ఎవరో నా కాళ్ళ మీద బిందెలతో నీళ్ళు పోశారు. అందరికంటే ముందు పసుపు పళ్ళెం పట్టుకుని అవ్వ ఉంది. పాపం, ఊరి కోసం నటిస్తోంది అనుకున్నాను. ఇంట్లోకి పోయి తలుపు గడియ పెట్టాను.

"ఇగ నాటకం చాలు గనీ అవ్వా, ఆకలైతుంది. ఏమన్న వెట్టు."

అవ్వ పీట వేసింది. విస్తరాకులో అన్నం పెట్టింది. తను పోయి గోడ వారకు నిలబడింది.

"నువ్వు తినవా?"

"మీరు తిన్నంక తింట."

"మీరేంది మీరు? పిచ్చివట్టిందా?"

అవ్వ తల వంచుకునే ఉంది. "గా గొంతు నీది గాదు. నిన్ను కన్నదాన్ని, నాకెరుక లేదా? చచ్చిన పిల్ల బతికింది."

"అవ్వా, నేనే చేసిన. పోయినేటి పాటల స్టెప్పే గది. ఇటు చూడు."

ఫోన్ తీసి ఆ వీడియో పెట్టాను. అదే ఊగుడు, అదే విసురు, అదే కేక. అవ్వ పాట అయిపోయేదాకా రెప్ప వేయకుండా చూసింది. నాకు ఆశ పుట్టింది.

"అంటే తల్లి అప్పటికెల్లే నీ మీద ఉన్నదన్నట్టు," అంది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. గూట్లో ఉన్న కత్తెర తీసి, చెవి పక్కన ఉన్న జడ ఒకటి పట్టుకుని పుటుక్కున కోసేశాను. చూడవే, వట్టి వెంట్రుకలే, అని ఆమె ముందు పారేశాను. అవ్వ మీదికి వచ్చి నా చెంప పగలగొడుతుందని, చాటతోనో చీపురుతోనో వీపు విమానం మోత మోగిస్తుందని ఎదురుచూశాను. దెబ్బకు సిద్ధమై కళ్ళు కూడా మూసుకున్నాను.

ఎంతకీ దెబ్బ పడలేదు. కళ్ళు తెరిస్తే అవ్వ నేల మీద మోకరించి, తెగిన జడను కొంగులోకి తీసుకుంటోంది.

"నేను అబద్ధమాడిన పాపం నా మీదనే ఉండనియ్. గింత కోపం చెయ్యకు తల్లీ."

నేను కింద కూర్చుని ఆమెను వాటేసుకున్నాను. అవ్వ ఒళ్ళు నా చేతుల్లో కట్టెలా బిగుసుకుంది.

"అవ్వా, నేనే. ప్రవళికను. నీ బిడ్డనే."

"ఎరుకనే," అంది అవ్వ. జోడించిన చేతులు మాత్రం దించలేదు.